ఎవరికి ఏ తేదీన స్వాతంత్ర్యం

(బళ్ళారి రాఘవ స్మృతిలో బళ్ళారిలో చేసిన ఉపన్యాసానికి అచ్చు పాఠం)



రాఘవగారి పేరిట మాట్లాడమంటే నాటకం గురించి మాట్లాడాలి. నేనూ నాటకంతోనే మొదలుపెడతాను. తెలుగువాళ్ళు ఎన్ని తరాలుగా చూసినా విసుగుపడని నాటకం హరిశ్చంద్రుడిది. ఆ కథలో జరిగేదేమిటి? ఒక రాజు బాకీ పడ్డాడు. బాకీకి గడువు పెట్టారు. వసూలుకు నక్షత్రకుణ్ణి వెంట పంపారు. చేతిలో చిల్లిగవ్వ లేని రాజు భార్యనూ కొడుకునూ కాలకౌశికుడి ఇంటి చాకిరీకి అమ్మాడు. అదీ చాలకపోతే తనను తాను వీరబాహుడికి అమ్ముకున్నాడు. అప్పు, గడువు, వెంట తిరిగే మనిషి, ఆలుబిడ్డల చాకిరీ, ఆఖరికి సొంత ఒళ్ళు. మన పల్లెల్లో జీతం పేరుతో నడిచిన వ్యవహారమంతా ఇందులో ఉంది. ఒక్క మెలిక కూడా తక్కువ లేదు.

కాటి సీను వచ్చేసరికి ఊరంతా ఏడ్చేది. ఏడ్చినవాళ్ళలో ముందు వరుసలో జంపఖానా మీద కూర్చున్న ఆసాములున్నారు. గాటిపాట్లో ఎద్దులకు గడ్డి వేసి వచ్చి వెనక చీకట్లో నిలబడిన వాళ్ళ జీతగాళ్ళూ ఉన్నారు. ఇద్దరి కన్నీళ్ళూ నిజమైనవే. రాజు ఒకరికి దాసుడైతే అది భరించలేని దుఃఖం. దాసుడి కొడుకు దాసుడైతే అది లోకం తీరు. ఈ తేడాను నాటకం సృష్టించలేదు. చూసినవాళ్ళ మనసులో అది ముందునుంచే ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి నాటకంలో ఆ కాటి సీనుకు తరవాతి కాలంలో నటులు జాషువాగారి శ్మశాన పద్యాలు చేర్చి పాడారు. ఊరూరా ఆ పద్యాలకు వన్స్‌మోర్లు పడ్డాయి. ఆ పద్యాలు రాసిన కవి మాత్రం కులం పేరుతో పడరాని అవమానాలు పడ్డాడు. పద్యం గుడి ముందు పందిట్లోకి వెళ్ళింది, కవిని గుడి బయట నిలబెట్టారు.

రాఘవగారు రంగస్థలం మీద ఎంత పేరున్న నటులో కోర్టులో అంత పేరున్న వకీలు. అప్పు పత్రం మనిషిని ఏం చేస్తుందో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారు తీసిన ‘రైతుబిడ్డ’లో ఆయన రైతు వేషం కట్టారు. జమీందారీ పెత్తనాన్ని ఎండగట్టిన సినిమా అది. దానికి పెట్టుబడి పెట్టిన చల్లపల్లి రాజాగారూ జమీందారే. తోటి జమీందార్లు మండిపడ్డారు, కొన్ని జిల్లాల్లో సినిమాను ఆడనివ్వలేదు. ఈ సంగతి నేను చల్లపల్లివారిని వేలెత్తి చూపడానికి చెప్పడం లేదు. ఒకే మనిషిలో రెండు పొసగని సంగతులు ఉంటాయని, ఉన్నా ఆ మనిషి చేసిన మంచిపని మంచిపనిగానే నిలుస్తుందని చెప్పడానికి చెబుతున్నాను. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే పెద్దలందరి విషయంలోనూ ఈ మాట గుర్తుంచుకోమని మనవి.

రాఘవగారు 1946 ఏప్రిల్ 16న పోయారు. ఇంకో పదహారు నెలలు బతికి ఉంటే బళ్ళారిలో మూడు రంగుల జెండా ఎగరడం చూసేవారు. ఆ రోజు ఈ జిల్లా ఎలా ఉండేదో ఒకసారి పటం మీద చూడండి. బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో ఉంది. జిల్లా నడిబొడ్డున సండూరు ఘోర్పడేల సంస్థానం. అది 1949లోగాని మద్రాసులో కలవలేదు. కంప్లి దగ్గర తుంగభద్ర దాటితే ఆవలి గట్టు గంగావతి నిజాం రాజ్యం. అక్కడ జెండా ఎగరేస్తే జైలు. ఆ గట్టుకు స్వాతంత్ర్యం రావడానికి 1948 సెప్టెంబరు 17 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ ఏటికి అటూ ఇటూ ఒకే తరం మనుషులకు స్వాతంత్ర్య దినాలు రెండు. ఈ సంగతి మన బడిపిల్లలకు కూడా తెలుసు. ఒకప్పటి హైదరాబాద్ కర్ణాటక వైపు చుట్టాలున్న ఇళ్ళలో రెండు తేదీలూ చెప్పుకుంటారు.

నేను చెప్పదలచుకున్నదల్లా ఒకటే. తేదీలు ఆ రెండే కాదు. మూడోది ఉంది. దాన్ని మనం ఏ వేదిక మీదా తలచుకోవడం లేదు.

ఆ తేదీ జీతగాడిది. వాడికి ఉగాదికి కుదిరిన జీతం మళ్ళీ ఉగాది దాకా. ఏడాదికి ఇన్ని గింజలు, ఒక కంబళి, ఒక జత బట్టలు, చెప్పులు. తెల్లవారకముందే ఎద్దుల దగ్గర మొదలు, రాత్రి గడ్డి వేసి పడుకునేదీ ఎద్దుల దగ్గరే. గుంటక తోలడం, గొర్రు పట్టడం, పేడ ఎత్తడం, ఆసామి ఇంట్లో పెళ్ళయితే కట్టెలు కొట్టడం, అన్నీ ఆ లెక్కలోనే. జ్వరం వచ్చి పడుకున్న రోజు బాకీకి కలుస్తుంది. తండ్రి దినాలకు తెచ్చిన అప్పు, పెళ్ళికి తెచ్చిన అప్పు, కరువేడు తిన్న జొన్నల అప్పు. పత్రం మీద వేలిముద్ర ఉంటుంది. దాని మీద ఏం రాశారో వేలిముద్ర వేసినవాడికి తెలియదు. ఉగాది రోజు లెక్క చూస్తే ఏడాది చాకిరీ పోగా బాకీ తగ్గకపోగా పెరిగి ఉంటుంది. తండ్రి మూలపడితే కొడుకు ఆ ముల్లుకర్ర అందుకుంటాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు పశువుల వెంట పోవడం చిన్న జీతం. ఆ పిల్లవాడి చిన్న జీతం కూడా తాత చేసిన అప్పులోకే జమ.

ఇది ఎక్కడో మారుమూల జరిగిన అపచారం కాదు. ఈ మెట్టపొలాల సేద్యం దీని మీదే నిలబడింది. వాన నమ్మకం లేని సీమ ఇది. 1876లో మొదలైన ధాత కరువు మద్రాసు రాష్ట్రంలో అన్నిటికంటే ఘోరంగా దెబ్బతీసిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. అలాంటి కరువు వచ్చిన ప్రతిసారీ భూమి లేనివాడు తన దగ్గరున్న ఒకే ఆస్తిని కుదువ పెట్టాడు. అది వాడి ఒళ్ళు. 1843లో కంపెనీ ప్రభుత్వం చట్టం చేసి, బానిసత్వపు హక్కును కోర్టులు గుర్తించవని ప్రకటించింది. 1862 నుంచి శిక్షాస్మృతి కింద మనిషిని బానిసగా కొనడం, అమ్మడం నేరమైంది. సంతలో మనిషి బేరం పోయింది. పెట్టెలో పత్రం ఉండిపోయింది. ఏ కోర్టు బానిసత్వం చెల్లదందో, ఆ కోర్టులోనే అప్పు చెల్లుతుంది.

ఇప్పుడు మన పెద్దల దగ్గరికి వస్తాను. మొదట పొరుగుదేశపు పెద్దల సంగతి చెబితే మనవాళ్ళ సంగతి వినడం తేలికవుతుంది. మన బంధువుల పిల్లలు చాలామంది ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. జులై 4న అక్కడ టపాసులు కాలుస్తారు, మనవాళ్ళూ పిల్లలను తీసుకుని వెళ్తారు. మనుషులందరూ సమానంగా పుట్టారని ప్రకటించిన 1776 నాటి పత్రం రాసిన థామస్ జెఫర్సన్ తన జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలకు యజమాని. ఆయన 1826లో, సరిగ్గా ఆ ప్రకటనకు యాభై ఏళ్ళు నిండిన జులై 4నే కన్నుమూశాడు. పోతూ పెద్ద అప్పు వదిలిపోయాడు. ఆ అప్పు తీర్చడానికి మరుసటి ఏడు జనవరిలో ఆయన ఇంటి దగ్గర 130 మంది బానిసలను వేలానికి పెట్టారు. హరిశ్చంద్రుడు తన బాకీకి తనను అమ్ముకున్నాడు. జెఫర్సన్ బాకీకి అమ్ముడుపోయింది వేరే ఇళ్ళ భార్యలూ బిడ్డలూ.

జెఫర్సన్‌ను తిట్టి మనం సంతోషపడనక్కరలేదు. 1928లో బార్డోలి రైతులు శిస్తు కట్టం పొమ్మని నిలబడ్డారు. వల్లభ్‌భాయి పటేల్‌కు సర్దార్ అని పేరొచ్చింది ఆ పోరాటంతోనే. దేశమంతా ఆ ఊరి పేరు జపించింది. ఆ శిస్తు కట్టనన్న రైతుల పొలాల్లో అరక దున్నినవాళ్ళు దుబ్లా కులస్థులైన హాలీలు. పెళ్ళికి అప్పు తీసుకుని జీవితమంతా, తరవాత కొడుకుల జీవితాలంతా ఆ అప్పుకింద దున్నే మనుషులు. తెల్లదొర రైతు మెడ మీద వేసిన కాడిని దేశం చూసింది. ఆ రైతు హాలీ మెడ మీద వేసిన కాడిని చూడ్డానికి ఆ రోజు ఎవరికీ తీరిక లేదు. చూసిన కొద్దిమంది గాంధేయులు తరవాత అక్కడే పని చేశారు, అది నిజం. కానీ బార్డోలి పేరు చెప్పగానే మనకు సత్యాగ్రహం తప్ప హాలీ గుర్తుకు రాడు.

ఈ జిల్లా పెద్దల పేర్లు నేను చెప్పను. అలీపురం జైల్లో మగ్గినవారు, ఖద్దరు మూటలు మోసినవారు, ఉప్పు చట్టం ధిక్కరించి లాఠీలు తిన్నవారు మనందరికీ పూజనీయులే. వాళ్ళ త్యాగంలో వీసమెత్తు అబద్ధం లేదు. అయితే కాంగ్రెసు ఏ ఇళ్ళలో నిలబడిందో ఆలోచించండి. భూమి ఉన్న ఇళ్ళలో, వకీళ్ళ ఇళ్ళలో, పత్తి మండీ వ్యాపారుల ఇళ్ళలో. యజమాని జైలుకు పోయిన ఆ ఏడాదీ పొలం బీడు పడలేదు. దాన్ని దున్నిన మనిషి ఒకడున్నాడు. స్వాతంత్ర్యయోధుల పింఛను పట్టీలో వాడి పేరు ఉండదు.

కాంగ్రెసుకు ఇది తెలియక కాదు. 1931 మార్చిలో కరాచీలో ప్రాథమిక హక్కుల తీర్మానం చేసినప్పుడు కూలిజనాన్ని దాస్యం నుంచి, దాస్యం లాంటి స్థితి నుంచి విడిపిస్తామని రాసుకున్నారు. అధ్యక్షపీఠం మీద ఉన్నది ఆ పటేలే. మాట ఇచ్చారు. ఆ మాట చట్టంగా మారడానికి నలభై నాలుగేళ్ళు పట్టింది.

ఈ నలభై నాలుగేళ్ళలో మనం బళ్ళారివాళ్ళం దేని కోసం కొట్లాడుకున్నామో కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ ఊళ్ళో ఈ ఉపన్యాసం ఇవ్వడంలో అర్థం లేదు. 1921 అక్టోబరు 1న గాంధీగారు ఈ ఊరొచ్చారు. అప్పటికి పదిరోజుల కిందటే మధురైలో చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి కట్టారు. పేదవాడి బట్ట కట్టిన తరవాత ఆయన తిరిగిన మొదటి ఊళ్ళలో మన తాడిపత్రి, కర్నూలు, బళ్ళారి ఉన్నాయి. ఆయన్ను పిలిచిన మనకు ఆ రోజున ఉన్న పెద్ద తగువు బళ్ళారి ఆంధ్ర కాంగ్రెసుదా, కర్ణాటక కాంగ్రెసుదా అని. ఆ ఏడే కాంగ్రెసు మధ్యవర్తిగా కేల్కర్‌గారు కూర్చుని తాలూకాలు పంచి తీర్పు చెప్పారు. ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములుగారు ప్రాణం వదిలిన తరవాత జస్టిస్ వాంఛూగారు విచారణకు వచ్చారు, ఆ తరవాత ఒక్క బళ్ళారి తాలూకా కోసం జస్టిస్ మిశ్రాగారు వచ్చారు. ఎవరి ఇంట్లో ఏ మాట, ఏ బడిలో ఏ పలక, ఏ కోర్టులో ఏ దస్తావేజు, అన్నీ విచారించారు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. బళ్ళారి, సిరుగుప్ప, హొసపేట, కూడ్లిగి, హడగలి, హరపనహళ్ళి, సండూరు మైసూరుకు వచ్చాయి.

ఆ తగవు అనవసరమని నేననను. మాట కోసం కొట్లాడడం చిన్న సంగతి కాదు, రెండు వైపులా మనసులు విరిగాయి, కొందరి ఇళ్ళలో ఆ బాధ ఇప్పటికీ ఉంది. కానీ ముప్పై రెండేళ్ళపాటు ఈ జిల్లా మనుషులను భాష ప్రకారం ఇన్నిసార్లు లెక్కపెట్టినవాళ్ళు, అప్పు పత్రం ప్రకారం ఒక్కసారీ లెక్కపెట్టలేదు. ఆలూరు గాటిపాట్లో ఉన్న జీతగాడికి, మోకా గాటిపాట్లో ఉన్న జీతగాడికి 1953 అక్టోబరు 2 తెల్లవారుజామున ఏం మారింది? ఒకడు తెలుగు రాష్ట్రంలో ఎద్దులకు నీళ్ళు పెట్టాడు, ఇంకొకడు కన్నడ రాష్ట్రంలో పెట్టాడు.

ఇంతకంటే గుండెను పిండే సంగతి బసివి ఆచారం. కొడుకు లేని ఇంట్లో కూతురికి ముత్తు కట్టి దేవుడికి విడిచేవారు. ఆమెకు పెళ్ళి ఉండదు, తండ్రి ఆస్తికి కొడుకులా హక్కు ఉంటుంది, ఆమె బిడ్డలు తాత ఇంటిపేరు మోస్తారు. ఫాసెట్, థర్‌స్టన్ లాంటి దొరలు బళ్ళారి వైపు ఈ ఆచారాన్ని చూసి పుస్తకాలకెక్కించారు. వాళ్ళు దీన్ని వింత హక్కుగా రాశారు. ఆస్తి ఉన్న బోయ ఇంట్లో ఒకప్పుడు అది హక్కే కావచ్చు. ఆస్తి లేని మాదిగ ఇంట్లో ముత్తు కట్టిన పిల్లకు వారసత్వంగా వచ్చేదేమిటి? ఊరి పెద్దల కళ్ళు పడడం తప్ప ఆమెకు మిగిలేదేమీ లేదు.

మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మిరెడ్డి 1927 నుంచి ఈ అంకితాలను ఆపమని పట్టుబట్టారు. ఆమెను గట్టిగా ఎదిరించినవారిలో ఎస్. సత్యమూర్తిగారు ఒకరు. గొప్ప దేశభక్తుడు, గొప్ప వక్త, సుగుణ విలాస సభ రంగస్థలం ఎక్కిన నటుడు కూడా. జైలు నుంచి వచ్చిన అనారోగ్యంతోనే ప్రాణం వదిలిన మనిషి. దేశానికి స్వేచ్ఛ ఎందుకు కావాలో ఆయన కంటే బాగా చెప్పగలిగినవారు మద్రాసులో తక్కువ. ఆ స్వేచ్ఛ ఒక ఆడపిల్ల మెడలో ముత్యాల దగ్గరికి వచ్చేసరికి ఆయనకు సంప్రదాయం అడ్డొచ్చింది. రాఘవగారు ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టి, గౌరవమైన ఇళ్ళ స్త్రీలను రంగస్థలం మీదికి తెచ్చారు. ఆ రోజుల్లో అదెంత తెగువో ఈ పోలికతో తెలుస్తుంది.

చివరికి మద్రాసు చట్టం 1947లో వచ్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో వెట్టిని నిషేధించే అధికరణం చర్చకు వచ్చినప్పుడు, దేవదాసీలుగా అంకితం చేయడాన్నీ అందులో పేరుపెట్టి నిషేధించాలని కె.టి. షాగారు అడిగారు. మద్రాసుకు చెందిన టి.టి. కృష్ణమాచారిగారు అక్కరలేదన్నారు, మా దగ్గర చట్టం చేసేశాం కదా అన్నారు. సవరణ వీగిపోయింది. ఆ చట్టం బళ్ళారికీ వర్తించేదే. అదే నిజమైతే 1982లో కర్ణాటక మళ్ళీ దేవదాసీ నిషేధ చట్టం ఎందుకు చేయాల్సి వచ్చింది? 1988లో ఆంధ్రప్రదేశ్ ఎందుకు చేయాల్సి వచ్చింది? 2007-08లో కర్ణాటక ప్రభుత్వం లెక్క తీస్తే 46,660 మంది ఎందుకు తేలారు? పోయిందని మనం ప్రకటించుకున్నవన్నీ పోలేదు. ప్రకటించిన తరవాత చూడడం మానేశాం, అంతే.

రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిచాకిరీ నిషిద్ధమంది. అది 1950 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. కానీ అప్పు వెట్టిని దేశమంతటా రద్దు చేసి, ఉల్లంఘించినవాణ్ణి శిక్షించే చట్టం అప్పటికి లేదు. అంబేద్కర్‌గారు 1949 నవంబరు 25న సభలో చేసిన చివరి పెద్ద ప్రసంగంలో, రాజకీయంలో సమానత్వం, బతుకులో అసమానత్వం ఉన్న వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడుతున్నామని హెచ్చరించారు. ఆ హెచ్చరికను మనం గోడల మీద రాసుకున్నాం. జీతగాడు ఆ గోడ పక్కనే ఇంకో పాతికేళ్ళు పని చేశాడు.

ఇక మూడో తేదీ. 1975 అక్టోబరు 25. వెట్టిచాకిరీ రద్దు ఆర్డినెన్సు ఆ రోజు నుంచి అమల్లోకి వచ్చింది, 1976లో చట్టమైంది. అప్పు రద్దు. అప్పు కోసం రాసిచ్చిన పత్రాలు రద్దు. అప్పు కింద లాక్కున్న ఆస్తి తిరిగి ఇవ్వాలి. వెట్టి అప్పు కాదని రుజువు చేసే బాధ్యత అప్పిచ్చినవాడిది, జీతగాడిది కాదు. ఈ ఒక్క మాటతో వందేళ్ళ పత్రాల బలం విరిగిపోయింది. ఇంత మంచి చట్టం వచ్చింది ఎప్పుడు? ఎమర్జెన్సీలో. పత్రికలకు నోరు లేని రోజుల్లో, ప్రతిపక్ష నాయకులు జైళ్ళలో ఉన్న రోజుల్లో. చదువుకున్నవాళ్ళకు అది స్వేచ్ఛ పోయిన ఏడాది. జీతగాడికి అది, కాగితం మీదనైనా, స్వేచ్ఛ వచ్చిన ఏడాది. నేను ఎమర్జెన్సీని సమర్థించను, ఆ రోజుల్లో జరిగిన అన్యాయాలకు మాఫీ లేదు. కానీ నన్ను ఎన్నేళ్ళుగానో వేధించే ప్రశ్న ఇది. స్వేచ్ఛగా ఉన్న ఇరవై ఎనిమిదేళ్ళలో, స్వేచ్ఛగా ఎన్నుకున్న సభలు, స్వేచ్ఛగా రాసిన పత్రికలు, స్వేచ్ఛగా మాట్లాడిన మనలాంటివాళ్ళు ఈ చట్టాన్ని ఎందుకు తేలేకపోయాం? నాకు తోచిన జవాబు కఠినమైనది. ఓటు వేసినా, వార్త రాసినా, తీర్పు చెప్పినా, ఆ పనులు చేసినవాళ్ళ ఇళ్ళ వెనక గాటిపాడు ఉంది. అందుకే.

కర్ణాటకలో దేవరాజ్ అరసుగారి ప్రభుత్వం అప్పటికే భూసంస్కరణల పనిలో ఉంది కాబట్టి ఇక్కడ చట్టం కొంత వేగంగా కదిలింది. అయినా పల్లెల్లో జరిగింది మీకు తెలుసు. కొందరు ఆసాములు పత్రాలు చింపి జీతగాణ్ణి పొలంలోంచి వెళ్ళగొట్టారు. గుంట భూమి లేనివాడు, చేతిలో పైసా లేనివాడు పంట కోతల దాకా ఏం తింటాడు? పునరావాసం పేరుతో మొదట ఇచ్చింది నాలుగు వేలు. అది చేతికొచ్చేసరికి చాలామంది మళ్ళీ అదే ఇంటి గడప తొక్కారు. 1978-79లో గాంధీ శాంతి ప్రతిష్ఠానం, జాతీయ కార్మిక సంస్థ కలిసి పది రాష్ట్రాల్లో సర్వే చేస్తే, చట్టం వచ్చిన మూడేళ్ళకు దేశంలో వెట్టివాళ్ళు ఇంకా 26 లక్షలకు పైగా ఉన్నారని తేలింది. స్వాతంత్ర్యం వచ్చిన ముప్పై ఏళ్ళకు మనం తీసిన మొదటి పెద్ద లెక్క అది.

జాతీయ ఉత్సవం గురించి మాట్లాడుతున్నాను కాబట్టి ఇంకొకటి. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు. దేశం గర్వంగా కట్టుకున్న స్టేడియాలు, వంతెనలు. వాటికి ఇటుకలు మోసినవారికి కనీస వేతనం కూడా ముట్టలేదు. ఆ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ భగవతిగారి నోట, కనీస వేతనానికి తక్కువ ఇచ్చి పని చేయించడం కూడా 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది. ఆకలి కూడా బలవంతమే అన్నది ఆ తీర్పు సారం. జెండా ఎగరేసిన స్తంభాన్ని పాతింది ఎవరు, వాళ్ళకు ఏం ముట్టింది అని ఒక కోర్టు అడిగిన సందర్భం అది. మన సండూరు, హొసపేట కొండల్లో ఇనుపరాయి ధర ఆకాశానికెక్కిన ఏళ్ళలో, రాళ్ళు కొట్టి జల్లెడ పట్టిన ఆడవాళ్ళ గురించి, పిల్లల గురించి ఆ ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ. 2011లో లోకాయుక్త నివేదిక వచ్చాక, సుప్రీంకోర్టు గనులు ఆపాక, ఎంత ఖనిజం పోయిందో లెక్క తేలింది. ఎవరి బాల్యం పోయిందో ఆ లెక్కలో లేదు.

అమెరికాకు మళ్ళీ ఒకసారి వెళ్ళి వస్తాను. బానిసగా పుట్టి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్‌ను 1852లో రోచెస్టర్ నగరంలో స్వాతంత్ర్యదిన ప్రసంగానికి పిలిచారు. ఆయన జులై 4న మాట్లాడలేదు, 5న మాట్లాడాడు. దేశాన్ని స్థాపించినవారిని చిన్నబుచ్చలేదు. వాళ్ళు ధైర్యవంతులని, గొప్పవారని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, మీ పండుగ బానిసకు ఏమవుతుందని అడిగాడు. ఆ ప్రశ్నకు పదమూడేళ్ళ తరవాత, ఒక అంతర్యుద్ధం తరవాత జవాబు వచ్చింది. 1865 జూన్ 19న టెక్సస్‌లో బానిసలకు విడుదల వార్త అందింది. నల్లజాతివాళ్ళు ఆ తేదీని నూటయాభై ఏళ్ళు తమ ఇళ్ళలో, చర్చిల్లో కాపాడుకుంటూ వచ్చారు. 2021లో దేశం దాన్ని సెలవుదినం చేసింది. జులై 4 చెడిపోలేదు. పక్కన ఇంకో తేదీ నిలబడింది. ఆ దేశంలో బానిసత్వం పోయిందని సంతోషించి 1873లో తన ‘గులామ్‌గిరి’ని అక్కడి సజ్జనులకు అంకితమిచ్చినవాడు మన జోతీరావు ఫూలే. ఇక్కడి శూద్రాతిశూద్రులకూ అలాంటి రోజు రావాలన్నది ఆయన ఆశ.

మన దగ్గరా విముక్త జాతులవాళ్ళు ఆగస్టు 31ని గుర్తు పెట్టుకుంటారు. పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన చట్టం 1952లో దేశమంతటా రద్దయిన రోజు అది. అంబేద్కర్ జయంతికి ఊరంతా కదులుతుంది. అక్టోబరు 25ను మాత్రం ఎవరూ ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే ఆ రోజు ఎవరి పత్రం ఎవరి పెట్టెలో ఉండేదో చెప్పాల్సి వస్తుంది. పత్రం ఇచ్చినవాళ్ళ మనవలూ, పత్రం పుచ్చుకున్నవాళ్ళ మనవలూ ఒకే ఊళ్ళో, ఒకే బడిలో, ఒకే పంచాయతీ ఆఫీసులో ఉన్నారు. మొహమాటం అర్థమవుతుంది. కానీ ఆ మొహమాటానికి మూల్యం ఇంకా ఎవరో కడుతున్నారు.

ఎవరంటే, పత్తి విత్తనాల చేలల్లో పిల్లలు. సంకర విత్తనం కావాలంటే మొగ్గను చేత్తో విప్పి, మగపూవు పుప్పొడి అద్దాలి. క్రాసింగ్ అంటారు. దానికి చిన్న చేతులు కావాలంటారు. ఆడపిల్లల తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇస్తారు. ఇటు మన వైపూ, అటు కర్నూలు వైపూ ఈ పని నడిచింది, ఏటేటా పేరు మార్చుకుని ఇంకా కొంత నడుస్తోంది. ఆ పని ఊపందుకునే నెల ఆగస్టు. అంటే జెండా ఎగరేసే పొద్దునే కొందరు ఆడపిల్లలు చేలో మొగ్గల మధ్య వంగి ఉంటారు. అడ్వాన్సు తెచ్చిన తండ్రి కూడా ఒకప్పటి చిన్న జీతగాడే కావచ్చు.

రాఘవగారి పేరు మీద నేను అడిగేది బళ్ళారి, కర్నూలు, అనంతపురం జిల్లాల బడిపంతుళ్ళను, పంచాయతీ సభ్యులను. వచ్చే ఆగస్టు 15న పిల్లలకు చాకొలెట్లు పంచిన తరవాత హాజరు పట్టీ తీయండి. ఆ పొద్దున రాని పిల్లల పేర్లు రాసుకోండి. ఎందుకు రాలేదో ఇంటికి వెళ్ళి కనుక్కోండి. అడ్వాన్సు తీసుకుని పోయినవాళ్ళుంటే ఆ పేర్లు జిల్లా విజిలెన్స్ కమిటీకి పంపండి. 1976 చట్టం 13వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలో ఆ కమిటీ ఉండాలి. కలెక్టరుగారు దానికి అధ్యక్షులు. షెడ్యూల్డు కులాల, తెగల సభ్యులు ముగ్గురు అందులో కూర్చోవాలి. మీ జిల్లాలో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో, జిల్లాలో ఎంతమందికి విడుదల పత్రం అందిందో సమాచార హక్కు కింద అడగండి. జవాబు వస్తే దాన్ని అక్టోబరు 25న, ఊరి రచ్చబండ దగ్గర, తెలుగు వచ్చినవాళ్ళకు తెలుగులో, కన్నడం వచ్చినవాళ్ళకు కన్నడంలో చదివి వినిపించండి. జవాబు రాకపోతే, రాలేదన్న మాటే చదవండి.